పుస్తకం మూశాక చెప్పిన మాట

"దుప్పటి సార్ అది. దరఖాస్తు కాదు, నాలుగు మడతలేసి జేబులో పెట్టుకోవడానికి."

ఆమె నాతో అన్న మొదటి మాట ఇదే. నా చేతిలోని దుప్పటి అప్పటికే సగం నేల మీద ఉంది. మిగతా సగం నా మెడకు చుట్టుకుని ఉంది. గదిలో ఉన్న ఏడుగురు ఆడవాళ్ళూ పని ఆపి మరీ నవ్వారు. బయట వాన కురుస్తోంది, లోపల ఇస్త్రీ రోలర్ నుంచి ఆవిరి కమ్ముతోంది. నా కళ్ళజోడు పూర్తిగా మసకేసిపోవడంతో అంతమాటన్న మనిషి ఎవరో కూడా తెలియలేదు.

"కింద పడింది కాబట్టి ఇది మళ్ళీ ఉతుక్కి పోవాలి. మీరొచ్చి పది నిమిషాలైంది, ఇది రెండోది. సాయంత్రానికి మీ పేరు మీదే ఒక బండి నిండుతుంది."

కళ్ళజోడు తుడుచుకుని చూశాను. సన్నటి మనిషి, మోచేతుల దాకా మడిచిన జాకెట్టు చేతులు, చిరాకుకీ నవ్వుకీ మధ్య ఎక్కడో ఆగిన మొహం. మనసులో ఆమెకు 'చురక' అని పేరు పెట్టుకున్నాను. ఇప్పటికీ అదే పేరు.

అది ఒక పెద్ద ఆసుపత్రి గుడ్డలు ఉతికే లాండ్రీ. నేను ఉద్యోగానికి రాలేదు. చేతిపని చేసేవాళ్ళు ఆ పనిని ఒకరి దగ్గర ఒకరు ఎలా నేర్చుకుంటారో, వాళ్ళతోపాటు పనిచేస్తూ, చూస్తూ, రాసుకోవడం నా పీహెచ్‌డీ. నా గైడు మేడమ్ దీన్ని ఫీల్డ్‌వర్క్ అంటారు. మా అమ్మ జీతం లేని కూలి అంటుంది. ఇద్దరూ అన్నది నిజమే.

టీ విరామంలో అందరికీ అనుమతి పత్రాలు పంచాను. పేర్లు మారుస్తానని, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చని చదివి చెప్పాను. ఆరుగురు సంతకాలు పెట్టేశారు. చురక మాత్రం కాగితాన్ని వెలుగుకు పెట్టి మరక వెతికినట్టు చూసింది.

"మేం రోజంతా మాట్లాడుతూనే ఉంటాం. అన్నీ రాసేస్తారా?"

"పనికి సంబంధించినవే."

"ఏది పనికి సంబంధించిందో ఎవరు తేలుస్తారు? మీరా, మేమా?"

మా డిపార్ట్‌మెంటులో ఈ ఒక్క ప్రశ్న మీదే మూడు వారాలు క్లాసులు జరిగాయి. పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ నిమిషాన ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు.

"సరే, నాదొక షరతు," అంది. "మీరు రాసుకునే పుస్తకం తెరిచి ఉంటే నేను మాట్లాడేది సార్‌తో. మూసేస్తే మాట్లాడేది మనిషితో. ఆ మనిషి ఈ సార్‌కి మాటలు మోయకూడదు."

"ఒప్పుకున్నాను."

సంతకం పెట్టింది. ఆ షరతును కూడా నేను ఆ సాయంత్రమే నోట్‌బుక్‌లో రాసుకుని, పక్కన 'ఆసక్తికరం' అని రాసి గీత గీశాను. నేనెంత తెలివితక్కువవాణ్ణో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

*

దుప్పటి మడవడం ఒక్కరి పని కాదు. ఇద్దరు చెరో రెండు కొసలూ పట్టుకుని వెనక్కి జరగాలి. బిగించి దులపాలి. తర్వాత ఒకరి వైపు ఒకరు నడిచి, మధ్యలో కలుసుకుని, మన కొసలు ఎదుటివాళ్ళ చేతిలో పెట్టి, వంగి కింది మడత అందుకోవాలి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. కొసలు చేతులు మారే చోట వేళ్ళు తగులుతాయి. తగలకుండా మడిచే పద్ధతి ఏదీ ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు, నేనూ కనిపెట్టమని అడగలేదు.

మధ్యాహ్నం రోలర్ చల్లబడే గంటసేపు పాత దుప్పట్లతో చురక నాకు నేర్పేది.

"చూపు దుప్పటి మీద పెట్టండి."

"దుప్పటి మీదే ఉంది."

"దుప్పటి నా మొహం ఎత్తున లేదే!"

తనిఖీ బల్ల దగ్గర నుంచి పెద్దమ్మ దగ్గేది. ఆవిడ చురకకు నిజంగానే పెద్దమ్మ, తల్లికి అక్క. తల్లి పోయాక ఈ పిల్లను పెంచింది ఆవిడే. ఆ గదిలో అందరికన్నా పాతది, ముప్ఫై ఏళ్ళ సర్వీసు. రోలర్ నుంచి వచ్చిన ప్రతి దుప్పటీ ముందు ఆవిడ బల్ల మీద పరచాలి. చిరుగు ఉంటే కుట్టుకి, మరక ఉంటే ఎర్ర డబ్బాలోకి, బాగుంటే మడతకి. బల్లకు అటు పెద్దమ్మ, ఇటు చురక.

"నోట్సు బాబూ, ఇవాళ ఎన్ని పడేశావు?" అని అడిగేది.

"ఒక్కటే పెద్దమ్మా."

"మెరుగే. మా పిల్ల మొదటిరోజు అయిదు పడేసింది. ఎవరితోనూ చెప్పకు, రాసుకో."

నలభై రోజులు గడిచేసరికి నేను దుప్పట్లు పడేయడం మానేశాను. మిగతా విషయాల్లో మాత్రం పడిపోతూనే ఉన్నాను. వాన కూడా ఆ నలభై రోజులూ ఆగలేదు. గోడలు చెమ్మగిల్లి, నా నోట్‌బుక్ పేజీలు ఉబ్బి, రాసిన సిరా అవతలి వైపుకు దిగేది.

చూడటం నా పని కాబట్టి ఒకటి చూశాను. ఒక్కో దుప్పటి పరిచినప్పుడు చురక తన వైపు కొసను రెండుసార్లు చిన్నగా గుంజేది. గుంజిన ప్రతిసారీ పెద్దమ్మ ఆ దుప్పటిని ఎర్ర డబ్బాలో వేసేది. చిరుగుల్ని మాత్రం పెద్దమ్మే అరచేత్తో తడిమి పట్టేసేది, వేలి గోరంత చిరుగు కూడా. మరక దగ్గరికి వచ్చేసరికి గుంజు లేనిదే ఆ చెయ్యి కదలదు.

లారీ ఆలస్యమైన ఒక మధ్యాహ్నం సరుకు ఎక్కించే షెడ్డు కింద బల్ల మీద కూర్చున్నప్పుడు అడిగేశాను.

"ఆ రెండు గుంజులేంటి?"

ఆమె నా వైపు చూడలేదు. నా ఒళ్ళో ఉన్న నోట్‌బుక్ వైపు చూసింది. మూశాను. సంచిలో పెట్టి జిప్ కూడా లాగాను.

"రెండేళ్ళయింది," అంది. "కళ్ళకి ఏదో జబ్బు. చూపుకి సరిగ్గా మధ్యలో ఉన్నది కనపడదు. మందు లేదన్నారు. చిరుగు చేతికి తెలుస్తుంది, మరక తెలీదు కదా. అందుకని నేను చూసి చెప్తున్నా."

"మరి ఎప్పుడైనా తప్పిపోతే? ఆసుపత్రి గుడ్డలు కదా."

"తప్పిపోవు. రెండేళ్ళలో ఒక్కటి కూడా అక్కణ్ణుంచి తిరిగి రాలేదు. రెండు కళ్ళతో నేను ఇద్దరి పనీ చేస్తున్నా." కాసేపు వాన చూసింది. "ఇంకో పద్నాలుగు నెలలు గడిస్తే రిటైరవుతుంది. అందరితో చప్పట్లు కొట్టించుకుని తలెత్తుకుని బయటికి నడవాలి. అంతే నాకు కావలసింది. గదిలో అందరికీ తెలుసు, ఎవరూ పెదవి విప్పరు. ఇప్పుడు మీకూ తెలిసింది."

"నాకెందుకు చెప్పారు?"

"పుస్తకం మూశారుగా."

లేచి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అంది. "అదొక్కటే కారణం కాదులెండి."

ఆ మాటకి నేను గొడుగు అక్కడే మర్చిపోయి, తడుస్తూ ఇంటికి నడిచాను. జీవితంలో అంత సంతోషంగా జలుబు తెచ్చుకున్నది అప్పుడే.

*

ఇంటికెళ్ళి ఏం చేశానంటే, రాశాను.

సాకులు నా దగ్గర చాలా ఉన్నాయి. వారంలో సెమినార్ ఉంది. "నీ అధ్యాయంలో అన్నీ ఉన్నాయి, మనుషులే లేరు" అని మేడమ్ రెండుసార్లు వెనక్కి పంపారు. ఆ రెండు గుంజుల్లో నేను వెతుకుతున్నదంతా ఉంది. నేర్పడం, నేర్చుకోవడం, ఒకరి లోటు ఇంకొకరు పూడ్చడం. పదకొండు పేజీలు ఒక్క బిగిన వచ్చాయి. ఇద్దరి పేర్లూ మార్చాను. వయసులు మార్చాను. పెద్దమ్మ, కూతురు అన్న వరసను అత్త, కోడలు చేశాను. ప్రేమతో రాశాను. నన్ను ఇప్పటికీ కాల్చేది ఆ సంగతే.

సెమినార్‌లో చప్పట్లు కొట్టారు. మేడమ్ మాత్రం ఒక ప్రశ్న వేశారు.

"ఇది చెప్పినావిడకి చదివి వినిపించావా?"

"సంతకం చేసిన పత్రం ఉంది మేడమ్."

ఆవిడ నన్ను కొంచెం ఎక్కువసేపు చూశారు. ఇంతలో వెనక వరసలో ఎవరో ఇంకేదో అడిగారు, నేను సంతోషంగా అటు తిరిగాను.

లాండ్రీ సూపర్‌వైజర్ నన్ను లోపలికి రానిచ్చేటప్పుడు ఒక్కటే కోరాడు. "ఏం రాసినా నాకో కాపీ ఇవ్వండి." మాట నిలబెట్టుకోవాలి కదా. నీలం అట్ట వేయించి, నా చేత్తోనే తీసుకెళ్ళి అతని బల్ల మీద పెట్టాను. అతను లేచి నిలబడి తీసుకున్నాడు.

సోమవారం వెళ్ళేసరికి తనిఖీ బల్ల దగ్గర ఎవరో కొత్తమనిషి ఉంది. గదిలో ఒక్కరూ నన్ను పలకరించలేదు. రోలర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. చురకను మాసిన గుడ్డలు వేరుచేసే చోటికి మార్చారని చెప్పడానికి కూడా ఎవరికీ మనసు రాలేదు. నేనే వెతుక్కుంటూ వెళ్ళాను.

చేతులకి రబ్బరు తొడుగులు, ముక్కుకి గుడ్డ. నన్ను చూసి పని ఆపలేదు.

"శనివారం పెద్దమ్మని కంటి పరీక్షకి పంపారు," అంది. "గోడ మీది అక్షరాలు చదవమన్నారట. ఆవిడ ఏమందో తెలుసా? 'గోడెక్కడుంది బాబూ' అంది. సాయంత్రానికల్లా ఇంటికి పంపేశారు. చప్పట్లు లేవు. గేటు దాకా నేను చెయ్యి పట్టుకుని నడిపించా."

"నేను పేర్లు మార్చాను..."

"ఏడుగురం సార్ మేం. తనిఖీ బల్ల ఒక్కటే. పేరు మారిస్తే బల్ల మారుతుందా? ఎదురుబొదురుగా ఉండే ఇద్దరు మనుషులు మారతారా?"

ఏడుగురున్న గదిలో పేరు ఎవరికి కావాలి? ఇంత చదువు చదివి, ఈ చిన్న లెక్క ఆమె చెప్పేదాకా నాకు తట్టలేదు.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అని విన్నాను," అంది ఆమె. "మీరు లెక్కపెట్టి, అచ్చేయించి, అట్ట కూడా వేయించి మరీ ఇచ్చారు."

"తప్పయిపోయింది."

"ఆ రోజు పుస్తకం మూశారు. జిప్ కూడా లాగారు. నేను చూశాను." అప్పుడు మొదటిసారి పని ఆపింది. "నేను చెప్పింది ఒక మనిషికి. ఆ మనిషి ఎక్కడున్నాడో కనపడితే అడగండి, ఎందుకిలా చేశాడని."

*

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అన్ని గుమ్మాలూ ఎక్కాను. సూపర్‌వైజర్ చెడ్డవాడు కాదు. "చూపు లేదని రాతపూర్వకంగా తెలిశాక ఆవిణ్ణి ఆ బల్ల దగ్గర ఎలా ఉంచను? రేపు ఏదైనా జరిగితే?" అన్నాడు. "మీరు రాయకపోయుంటే నాకూ బాగుండేది." నిజమే చెప్పాడు.

మేడమ్ దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. ఆవిడ తిట్టలేదు, తిడితే బాగుండేది.

"అధ్యాయం వెనక్కి తీసుకుంటాను," అన్నాను.

"అంటే ఏడాది వెనకబడతావు."

"తెలుసు."

"అది నీకు శిక్ష. వాళ్ళకేమిటి?" అని ఆగారు. "నోట్‌బుక్కులు ఎన్నున్నాయి?"

"నాలుగు."

"తీసుకెళ్ళు. ఎవరి గురించి రాశావో వాళ్ళకి చదివి వినిపించు. ఏది ఉండాలో, ఏది పోవాలో వాళ్ళు చెప్తారు. పని మొదలుపెట్టినప్పుడే చెయ్యాల్సింది. గెంటేస్తే గెంటించుకో."

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. సైకిళ్ళు బాగుచేసే షాపు మీద రెండు గదులు, ఇరుకు మెట్లు, గోడంతా చెమ్మ. తలుపు తీసిన చురక నన్ను చూసి మళ్ళీ వెయ్యబోయింది. లోపల నుంచి పెద్దమ్మ గొంతు వినపడింది.

"ఎవరే?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేకపోతే అంత గట్టిగా ఊపిరి పీలుస్తున్నదెవరు? నోట్సు బాబేనా? రానీ."

కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఖాళీగా ఉన్న ఆ చేతులు ఒళ్ళోని తువ్వాలు అంచు తడుముతున్నాయి, ఎక్కడైనా చిరుగుందేమోనని. వచ్చిన పని చెప్పాను.

"నా గురించి నువ్వు రాసింది ఊరందరూ విన్నారు, నేను తప్ప," అంది. "చదువు. మొదటి పేజీ నుంచీ."

నాలుగు ఆదివారాలు, ఆదివారానికో నోట్‌బుక్. నేను చదివేవాణ్ణి, పెద్దమ్మ తీర్పు చెప్పేది. చురక వంటగదిలో ఉండేది. గిన్నెల చప్పుడును బట్టి ఆ పూట కోపం ఎంతుందో నాకు తెలిసేది.

"ఆ కుట్టుపనామె మొగుడి సంగతి తీసెయ్. దానికి చెప్పే రాశావా?"

"లేదు పెద్దమ్మా."

"మరి? వెళ్ళి అడుగు."

వెళ్ళి అడిగాను. ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరికీ వాళ్ళ పేజీలు పట్టుకుని వెళ్ళాను. కొందరు కొట్టేయమన్నారు. ఒకామె నేను తప్పు రాసింది దిద్దింది. ఇంకొకామె తలుపు వేసేసింది, ఆమె పేజీలన్నీ చింపేశాను. ఫీల్డ్‌వర్క్ అంటే ఏమిటో నేను ఆ నెలలో నేర్చుకున్నాను.

మూడో ఆదివారం నోట్‌బుక్‌తోపాటు ఆ పదకొండు పేజీలూ తీసుకెళ్ళాను. ఒక్క ముక్క వదలకుండా చదివాను. వంటగదిలో చప్పుడు లేదు.

"బాగా రాశావు," అంది పెద్దమ్మ. "అదే నా బాధ."

"తీసేస్తాను."

"నాకింక పోయేదేం లేదు. అయినా తీసెయ్. ఆ రెండు గుంజులూ నాకూ దానికీ మధ్యవి. ముప్ఫై ఏళ్ళు ఆ బల్ల దగ్గర నిలబడ్డా, ఎవరూ నాకంత ప్రేమగా ఏదీ చెప్పలేదు. ఆ ప్రేమని పట్టుకెళ్ళి సంతలో పరిచావు." తువ్వాలు మడిచింది. "ఎప్పుడైనా కథలా చెప్పుకోవాలనిపిస్తే చెప్పుకో. కానీ తప్పెవరిదో కూడా చెప్పాలి."

ఇదుగో, చెప్తున్నాను. తప్పు నాది.

*

నాలుగో ఆదివారం చివరి నోట్‌బుక్ సగం అయ్యాక ఒక పేజీ చదవకుండా తిప్పాను. పెద్దమ్మ చెయ్యెత్తింది.

"కాగితం తిరిగింది. నీ గొంతు తిరగలేదు."

"అది పనిది కాదు పెద్దమ్మా. నా సొంతం."

"మా అందరివీ బయటపెట్టి నీది మాత్రం మింగుతావా? చదువు."

చదివాను. అప్పు తీర్చే దారి ఇంకోటి నాకు కనపడలేదు.

"నలభై మూడో రోజు. ఆమెకి జ్వరం, రాలేదు. ఇంకొకరితో మడిచాను. తొమ్మిది దుప్పట్లు కింద పడేశాను. యాభై ఒకటో రోజు. ఆమె దేనికో నవ్వింది. దేనికో రాసుకోలేదు. ఇంతసేపూ ఏం గమనించానో నాకే తెలియదు. యాభై ఎనిమిదో రోజు. ఆమె అంటే నాకు ఇష్టం. ఇది ఎక్కడ రాయాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. ఈమె గురించి నేను రాసే దేన్నీ ఎవరూ నమ్మకూడదు."

వంటగదిలో గిన్నెలు ఎప్పుడో ఆగిపోయాయి.

"ఇది దానికి చెప్పావా?" అంది పెద్దమ్మ.

"చెప్పే అర్హత పోగొట్టుకున్నాను."

"అర్హతల సంగతి నాకు తెలీదు. వినాల్సింది నేను కాదని మాత్రం తెలుసు." కుర్చీ చేతులు పట్టుకుని లేచి, గోడ తడుముకుంటూ లోపలి గదిలోకి వెళ్ళింది. వెళ్తూ అంది, "గెంటేస్తుందో కూర్చోమంటుందో మీ ఇష్టం. ఎవరు ఏడ్చినా నాకు వినపడుతుంది, అది గుర్తుంచుకోండి."

చురక గుమ్మంలో నిలబడి ఉంది. తడిచేతులు తుడుచుకోలేదు.

"నాకు కోపం పోలేదు," అంది.

"పోనక్కర్లేదు."

"పోదు కూడా. పెద్దమ్మ రోజూ పొద్దున్నే లేచి, పనికెళ్ళే బట్టలు తీసి మంచం మీద పెడుతుంది. కాసేపుండి మళ్ళీ లోపల పెట్టేస్తుంది. నేను నిద్రపోతున్నట్టు నటిస్తాను. అప్పుడు మీరు గుర్తొస్తారు. నోటికొచ్చినట్టు తిట్టుకుంటాను." ఆగింది. "తిట్టడం అయిపోయాక కూడా గుర్తొస్తూనే ఉంటారు. అది నా ఖర్మ."

అనడానికి నా దగ్గర మంచి మాటలు చాలా ఉన్నాయి. మంచి మాటలతోనే కదా ఇంతదాకా తెచ్చాను. నోట్‌బుక్కులు నాలుగూ సంచిలో సర్దుకుని లేచాను.

మెట్ల దాకా వెనకే వచ్చింది. వాన పడుతూనే ఉంది. కింద సైకిళ్ళ షాపులో ఎవరో చక్రం తిప్పుతున్నారు.

"వచ్చే ఆదివారం రండి," అంది.

"నాలుగూ అయిపోయాయండీ. చదవడానికింకేమీ లేదు."

"అందుకే రమ్మంటున్నాను."